బోరు నీళ్లు, బీట్‌రూట్ రంగు: సద్దుల బతుకమ్మకు చేసిన పూల బన్నుల కేస్ స్టడీ

నల్లగొండ పట్టణంలో ఇంటి దగ్గరే 60 లీటర్ల ఓటీజీ ఓవెన్‌తో బ్రెడ్లు, బన్నులు చేసి ఇస్తున్న నాకు 2024 సెప్టెంబరు మూడో వారంలో ఒక ఆర్డరు వచ్చింది. పానగల్లు వైపున్న ఒక కాలనీ ఆడవాళ్లు అక్టోబరు 10న, అంటే సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం, బతుకమ్మను సాగనంపి వచ్చాక అందరూ కలిసి పంచుకోవడానికి బతుకమ్మ పూల రంగులన్నీ ఉన్న బ్రెడ్ చేసి ఇమ్మన్నారు. గుడ్డు వాడకూడదని, బజారు రంగు ఒక్క చుక్క కూడా పడకూడదని, పళ్లు సరిగా రాని పిల్లలు, పళ్లు ఊడిన పెద్దవాళ్లు కూడా తినేంత మెత్తగా ఉండాలని ముందే చెప్పారు. అంతకు ముందు పుట్టినరోజులకు బీట్‌రూట్ బ్రెడ్, క్యారెట్ బ్రెడ్ విడివిడిగా చేసిన అనుభవం ఉంది కాబట్టి ఆరు రంగులు ఒకేసారి చేయడం పని ఎక్కువే తప్ప కష్టం కాదని అనుకున్నాను. ఆ అంచనా ఎక్కడ తప్పిందో, ఏ కారణంతో తప్పిందో, దాన్ని ఎలా సరిచేసుకున్నానో ఇంట్లో రంగుల బ్రెడ్ చేసేవాళ్లకు, ముఖ్యంగా మన జిల్లాలో బోరు నీళ్లతో వంట చేసేవాళ్లకు, ఉపయోగపడుతుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

ఆకారం ఎలా మారింది

నేను మొదట అనుకున్నది గోపురం ఆకారం. ఒక్కో వరుసకు ఒక్కో రంగు పిండి పెట్టి, అచ్చం బతుకమ్మలాగే పేర్చి, పెద్ద బ్రెడ్‌గా కాల్చాలని కాగితం మీద బొమ్మ కూడా గీసుకుని వెళ్లాను. ఆ కాలనీలో అందరికంటే పెద్దావిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, నొప్పించకుండా ఒక మాట అన్నారు: "బిడ్డా, బతుకమ్మను నీళ్లల్ల సాగనంపుతం గని కోసుకొని తింటమా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. తొమ్మిది రోజులు పూలతో పేర్చి, చుట్టూ తిరిగి ఆడి, చివరికి చెరువులో వదిలే అమ్మ రూపాన్ని కత్తి పెట్టి కోసి ముక్కలు పంచడం ఆమెకు ఎంత ఇబ్బందిగా తోచిందో ఆ క్షణంలోనే అర్థమైంది. గీసిన బొమ్మ పక్కన పెట్టేసి, "పెద్దమ్మా, అయితే పూలు చేసి ఇస్తాను, ఒక్కొక్కరు ఒక్కో పువ్వు తీసుకోండి" అన్నాను. ఆమె ఒప్పుకున్నారు. పండుగకు చేసే వంట ఏదైనా ముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఆకారంతో సహా చెప్పి చేయాలన్నది అప్పటి నుంచి నా ఆర్డరు పుస్తకంలో మొదటి ప్రశ్న అయింది.

అలా ఒక్కో రంగుకు 12 చొప్పున 72 పూల బన్నులు చేయాలని తేలింది. తంగేడుకు పసుపు పచ్చ రంగు, దానికి వంటింటి పసుపు. బంతికి నారింజ రంగు, దానికి క్యారెట్. పట్టుకుచ్చులకు ముదురు గులాబీ, దానికి బీట్‌రూట్. కట్ల పూలకు నీలం, దానికి ఎండిన శంఖుపూలు. గునుగుకు తెలుపు, అంటే రంగేమీ కలపని మామూలు పిండి ముద్ద. తాంబాళంలో అడుగున పరిచే గుమ్మడి ఆకులకు గుర్తుగా పాలకూరతో ఆకుపచ్చ బన్నులు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. గునుగు పూలకు అద్దే రంగు పొడులు పండుగ రోజుల్లో ప్రతి బజారులోనూ చిన్న పొట్లాలుగా అమ్ముతారు. అవి పూలకు అద్దే రంగులే తప్ప తినే రంగులు కావు. నేను ప్రయోగాలు చేస్తున్న రోజుల్లో ఆ కాలనీ పిల్లల్లో ఒకరు, బన్నులో గులాబీ రంగు సరిగా రావడం లేదని విని, తమ ఇంట్లో పూలకు కలిపిన గులాబీ నీళ్లు ఒక గ్లాసులో పోసుకుని నా దగ్గరికి తెచ్చారు. ప్రేమతో తెచ్చిందే, కానీ చూడగానే గుండె ఝల్లుమంది. రోడమిన్-బి అనే బట్టల రంగు పీచు మిఠాయిలో దొరికినందుకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. పూల రంగు కలిపిన గిన్నె, గరిటె, గుడ్డ ఏదీ వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. కడిగినా సరే, ఆ గిన్నెలో పిండి కలపకూడదు.

మొదటి ప్రయోగం, దాని ఫలితం

ఆరు రంగులకూ మూల పిండి ఒకటే. ఒక్కో రంగుకు 300 గ్రాముల మైదా, 24 గ్రాముల చక్కెర, 5 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టెంట్ ఈస్ట్, 24 గ్రాముల వెన్న, 12 గ్రాముల పాలపొడి, మొత్తం తడి 185 మి.లీ. ఇందులో "మొత్తం తడి" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. కూరగాయ గుజ్జు చూడటానికి గట్టిగా ఉన్నా అందులో ఎక్కువ భాగం నీరే. బీట్‌రూట్‌లో నూటికి సుమారు 87 పాళ్లు, క్యారెట్‌లో 88, పాలకూరలో 91 పాళ్లు నీరు ఉంటుంది. అందువల్ల 90 గ్రాముల బీట్‌రూట్ గుజ్జు వేస్తే అందులోనే 78 మి.లీ. నీరు వచ్చేసినట్టు లెక్క. పైన పోయాల్సింది 107 మి.లీ. మాత్రమే. ఈ తీసివేత చేయకుండా గుజ్జుకు గుజ్జు, నీళ్లకు నీళ్లు పోసేవాళ్లకే పిండి చేతికి అంటుకుపోతుంది. అప్పుడు కంగారుపడి మైదా చల్లుతారు, రంగు పలచబడుతుంది, బన్ను గట్టిపడుతుంది.

సెప్టెంబరు చివరి వారంలో మొదటి ప్రయోగం చేశాం. నాకు సాయంగా వచ్చే చెల్లె బీట్‌రూట్ చెక్కు తీసి, ముక్కలు కోసి, 20 నిమిషాలు ఉడికించింది. పాలకూరను మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీసింది. తాగడానికి ఫిల్టర్ నీళ్ల డబ్బా వేయించుకుంటాం గానీ, కూరగాయలు కడగడానికి, ఉడికించడానికి మా ఇంట్లో అప్పటిదాకా బోరు నీళ్లే వాడుతున్నాం. పిండి కలిపేటప్పుడు మాత్రం డబ్బా నీళ్లు పోశాం.

190 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కాల్చి తీశాక తెలుపు, పసుపు, నారింజ బన్నులు చక్కగా ఉన్నాయి. నీలం కొద్దిగా ఊదా వైపు తిరిగినా బాగానే ఉంది. ఆకుపచ్చ పైన కమిలినా, విరిచి చూస్తే లోపల నేను ఊహించిన దానికంటే నిగనిగలాడుతోంది. బీట్‌రూట్ బన్ను మాత్రం చేదు అనుభవమే. పైన గోధుమ రంగు, లోపల పాత బెల్లం రంగు. దాన్ని చేతిలోకి తీసుకుని చెల్లె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "అక్కా, గిది బీట్‌రూట్‌దేనా? బెల్లం బన్ను లెక్క అయింది."

నేను ఓవెన్‌నే అనుమానించాను. బీట్‌రూట్‌కు ఆ రంగునిచ్చే బీటానిన్ అనే పదార్థం వేడికి ఓర్చుకోలేదని తెలుసు కాబట్టి, రెండు రోజుల తర్వాత ఓవెన్ వేడిని 160కి తగ్గించి, 24 నిమిషాలు కాల్చాను. పైపొర కమిలిపోవడానికి పాలపొడి, చక్కెర కూడా కారణమే కనుక రంగు పిండ్లలో పాలపొడి తీసేసి, చక్కెరను 24 గ్రాముల నుంచి 15కి తగ్గించాను. మొదటి 10 నిమిషాలు తెరిచి ఉంచి, పైపొర గట్టిపడ్డాక ఫాయిల్ కప్పాను. అన్ని రంగుల్లోనూ పైపొర బాగుపడింది, బీట్‌రూట్ బన్ను కూడా కమలలేదు. కానీ విరిచి చూస్తే లోపల అదే బెల్లం రంగు.

వేడే కారణమైతే పైపొర ఎక్కువ, లోపలి భాగం తక్కువ పాడవ్వాలి. బన్ను పైన 150 డిగ్రీలు దాటినా, నడిమి భాగం పూర్తిగా కాలే సరికి కూడా 93 నుంచి 96 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రెండు చోట్లా ఒకే తీరుగా రంగు పోయిందంటే అది ఓవెన్‌లోకి వెళ్లకముందే పోయి ఉండాలి. నిజానికి పచ్చి పిండి ముద్ద కూడా నాకు గుర్తున్నంత గులాబీగా లేదు. కలిపేటప్పుడు చూశాను, కానీ దుంప పాతదేమో అనుకుని వదిలేశాను. కళ్ల ముందున్నదాన్ని అప్పుడే రాసి పెట్టుకోకపోవడం వల్ల నాకు ఒక వారం నష్టమైంది.

నీళ్ల దగ్గర దొరికిన కారణం

ఒకే నీళ్లలో ఉడికిన పాలకూర మంచి పచ్చగా ఉంది, బీట్‌రూట్ పాడైంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించినప్పుడే దారి దొరికింది. పాలకూరలోని ఆకుపచ్చ పదార్థమైన క్లోరోఫిల్ పులుపు తగిలితే లోపలి మెగ్నీషియాన్ని కోల్పోయి ముదురు ఆలివ్ రంగుకు మారుతుంది. గోంగూర ఉడకగానే నల్లబడినట్టు కనిపించేది అందుకే. క్షార గుణం, అంటే పులుపుకు ఎదురైన సోడా లాంటి గుణం, ఉన్న నీళ్లలో ఆ ఆకుపచ్చ నిలబడుతుంది. బీటానిన్ సంగతి దానికి సరిగ్గా ఎదురు. కాస్త పులుపు ఉంటే వేడిని కూడా కొంత తట్టుకుంటుంది, క్షారం తగిలితే విరిగిపోయి పసుపు గోధుమ రంగు మిగులుతుంది. అంటే మా గిన్నెలోని నీళ్లు క్షారంగా ఉన్నాయి.

దీన్ని తేల్చుకోవడానికి శంఖుపూలనే వాడాను. ఎండిన పూలు నాలుగు వేడి నీళ్లలో నానబెడితే వచ్చే నీలి రసం పులుపును, క్షారాన్ని రంగుతో చెప్పేస్తుంది. మూడు గాజు గ్లాసులు పెట్టుకున్నాం. మొదటి దానిలో డబ్బా నీళ్లు, రెండో దానిలో పచ్చి బోరు నీళ్లు, మూడో దానిలో 15 నిమిషాలు మరిగించి చల్లార్చిన బోరు నీళ్లు. ఒక్కో దానిలో ఒక చెంచా నీలి రసం పోసి కిటికీ వెలుతురులో పెట్టాం. మొదటిది ముదురు నీలం. రెండోది నీలమే, కాస్త తేలిక. మూడోది నెమలి మెడలా నీలంలో ఆకుపచ్చ తొణికింది. మొదటి గ్లాసులో రెండు చుక్కల నిమ్మరసం వేస్తే కళ్ల ముందే ఊదా అయింది. చేపల తొట్టెలకు అమ్మే పీహెచ్ పట్టీలు (7 కంటే పైన చూపిస్తే క్షారం, కింద చూపిస్తే పులుపు) తెచ్చి ముంచితే పచ్చి బోరు నీళ్లు 8 దగ్గర, మరిగించినవి 9కి దగ్గరగా చూపించాయి.

మరిగిస్తే క్షారం ఎందుకు పెరిగిందన్నది నాకు చాలా ముఖ్యమైన పాఠం. మన జిల్లా భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట్ల సాధారణంగా బైకార్బొనేట్ (వంట సోడా లాంటి) లవణాలు ఎక్కువ, కాల్షియం తక్కువ. నీళ్లు మరిగినప్పుడు బైకార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ ఆవిరితో పాటు వెళ్లిపోయి కార్బొనేట్ మిగులుతుంది. దాంతో నీటి క్షార గుణం పెరుగుతుంది. తెలియకుండానే నా బీట్‌రూట్‌ను పలచని సోడా నీళ్లలో 20 నిమిషాలు ఉడికించినట్టయింది. ఫ్లోరైడ్ తీసేందుకు నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అన్న పేరు వచ్చిందంటే ఈ నేల నీటి సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగడానికి పనికిరావని మనందరికీ తెలిసినా వంటకు వాడటం చాలా ఇళ్లలో ఇంకా సాగుతోంది. రంగు కోసం మొదలైన ఈ వెతుకులాట తర్వాత మా ఇంట్లో వంట నీళ్లు పూర్తిగా మారాయి. నాకు ఈ ఆర్డరు వల్ల కలిగిన పెద్ద మేలు అదే.

సున్నం కలిపితే పసుపు ఎర్రగా మారి పారాణి అవుతుందని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. సున్నమూ క్షారమే, జరిగేది అలాంటి మార్పే. పసుపు బన్నులో వంట సోడా పడితే ఇటుక రంగు మచ్చలు వచ్చేది కూడా అందుకే. కాళ్లకు పెట్టుకున్న పారాణిని చూసి తెలిసిన సంగతి వంటింట్లో వెంటనే గుర్తుకు రాలేదు.

కారణం రుజువు చేసుకోవడానికి ఒకే దుంపను మూడు సమ భాగాలు చేసి, ఒకటి బోరు నీళ్లలో, ఒకటి డబ్బా నీళ్లలో, ఒకటి డబ్బా నీళ్లలో చెంచా నిమ్మరసం పిండి, మూడూ 15 నిమిషాలు ఉడికించాం. బోరు నీళ్ల ముక్క ఇటుక పొడిలా వెలిసిపోయింది. డబ్బా నీళ్లది ఎర్రగా ఉంది, అయితే రంగులో సగం నీళ్లలోకి దిగింది. నిమ్మరసం వేసింది చీర అంచులా మెరిసింది. తెల్ల పళ్లెం మీద మూడూ వరుసగా పెట్టి చూస్తే ఇంకెవరూ వివరించాల్సిన పని లేదు.

సరిచేసిన పద్ధతి

బీట్‌రూట్‌ను ముక్కలు కోసి నీళ్లలో వేయడం మానేశాం. తోకా తొడిమా తెంపకుండా, చెక్కుతో సహా, మధ్య సైజు దుంపలను ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద 30 నిమిషాలు పెట్టాం. చెక్కు ఉన్నంతవరకు రంగు లోపలే ఉంటుంది. చల్లారాక చెక్కు ఒలిచి, 300 గ్రాముల మైదాకు సరిపోయే 90 గ్రాముల గుజ్జులో ఒక టీస్పూను నిమ్మరసం కలిపి రుబ్బుకున్నాం. నిమ్మకాయకు మన దగ్గర కొదవ లేదు, నకిరేకల్ మార్కెట్ పక్కనే ఉంది. బత్తాయి రసం కూడా పోసి చూశాను. రుచి బాగున్నా దాని పులుపు చాలదు. బత్తాయి తొక్క తురుము మాత్రం క్యారెట్ పిండిలో వేస్తే బంతి బన్నుకు మంచి వాసన ఇచ్చింది. నిమ్మరసం ఒక చెంచాకు మించితే పిండి బిగిసి, సాగకుండా తెగుతుంది, కాబట్టి ఎర్రదనం ఇంకా కావాలని ఇంకా పిండకూడదు.

పసుపుకు 2 గ్రాములు చాలు. దాన్ని నీళ్లలో కాకుండా కరిగించిన వెన్నలో సన్నని సెగ మీద అర నిమిషం వెచ్చబెట్టి కలిపితే రంగు పిండి అంతా సమంగా పరుచుకుంటుంది, పచ్చి వాసన తగ్గుతుంది. పసుపులోని రంగు, క్యారెట్‌లోని రంగు రెండూ కొవ్వులో కరిగేవి, వేడికి నిలిచేవి. అందుకే ఇవి రెండూ నన్ను మొదటి నుంచి చివరి దాకా ఇబ్బంది పెట్టలేదు. కొత్తగా రంగుల బ్రెడ్ మొదలుపెట్టేవాళ్లు ఈ రెంటితోనే చేయి తిప్పుకోవడం మంచిది.

పాలకూరను డబ్బా నీళ్లలోనే, మూత పెట్టకుండా, ఒక్క నిమిషం ముంచి వెంటనే చల్లని నీళ్లలో వేశాం. సోడా వేస్తే ఇంకా పచ్చగా ఉంటుంది గానీ రుచిలో సబ్బు తనం వస్తుంది, నేను వేయలేదు. పాలకూరకు మరో శత్రువు పిండి పులియడం. ఈస్ట్ పిండి పులిసేకొద్దీ పులుపు పెరిగి పీహెచ్ 5కు, 6కు మధ్యకు దిగుతుంది. అందుకే ఆకుపచ్చ పిండిని అన్నిటికంటే చివర కలిపి, మొదటి పొంగు 60 నిమిషాలకు బదులు 40, రెండో పొంగు 40కి బదులు 30 నిమిషాలు ఇవ్వాలని నిర్ణయించాను.

అక్టోబరు 6, ఆదివారం నాడు ఆరు రంగులతో పూర్తి రిహార్సల్ చేశాం. ఆ రోజు జరిగిన పొరపాటు పూర్తిగా నాది. బీట్‌రూట్ పిండి గురించి మాట్లాడుతూ "నిమ్మరసం మర్చిపోకు" అని చెల్లెకు చెప్పి నేను ఫోన్ ఎత్తడానికి వెళ్లాను. ఏ పిండిలో అన్నది చెప్పలేదు. ఆమె శ్రద్ధగా అన్ని గిన్నెల్లోనూ ఒక్కో చెంచా పిండింది. నేను తిరిగొచ్చే సరికి కట్ల పూల నీలం కాస్తా ముదురు వంగపండు రంగు అయింది, పాలకూర బన్ను ఓవెన్ నుంచి ఎండుటాకులా బయటికి వచ్చింది. ఒక రంగును కాపాడేదే ఇంకో రంగును చంపుతుందని ఆమెకు చెప్పకుండా పని అప్పగించాను కాబట్టి తప్పు ఆమెది కాదు. ఆ సాయంత్రమే ఆరు గిన్నెలకు ఆరు చీటీలు అంటించాం: బీట్‌రూట్ గిన్నె మీద "నిమ్మరసం 1 చెంచా", నీలం, ఆకుపచ్చ గిన్నెల మీద ఎర్ర పెన్నుతో "నిమ్మ వద్దు, పెరుగు వద్దు". నీలానికి 6 గ్రాముల ఎండిన శంఖుపూలను 120 మి.లీ. వేడి నీళ్లలో నానబెట్టి వడగట్టిన రసం వాడాం. పూలు పీల్చుకోగా మిగిలిన రసాన్ని కొలిచి, 185 మి.లీ.లో తక్కువ పడినంత నీళ్లు కలిపాం.

పండుగ రోజు

ఆ రోజు మధ్యాహ్నానికి మా వంటింట్లో 31 డిగ్రీలు ఉంది. ఈ వేడిలో పిండి తొందరపడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచిన డబ్బా నీళ్లతో కలిపి, పిండి ముద్ద 27 డిగ్రీలు దాటకుండా చూసుకున్నాం. ఓవెన్‌లో ఒక్క ట్రే మాత్రమే పడుతుంది. ఆరు ట్రేలు ఒకదాని వెంట ఒకటి వెళ్లాలంటే పిండ్లు కూడా అలాగే రావాలి. ఉదయం 9:30కు తెలుపుతో మొదలుపెట్టి, ఒక్కోదానికి 35 నిమిషాల ఎడంతో పసుపు, నారింజ, బీట్‌రూట్, నీలం కలుపుకుంటూ వచ్చి, ఆకుపచ్చను 12:50కి కలిపాం. ముద్దను రెండు చేతుల మధ్య సాగదీస్తే తెగకుండా పల్చని పొరగా విచ్చుకుని, దాని వెనక వేళ్ల నీడ కనిపించేదాకా పిసకాలి. గుజ్జు వేసిన పిండికి ఇది తెల్ల పిండి కంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

44 గ్రాముల చొప్పున 12 ఉండలు తీయగా ప్రతి రంగులోనూ గోళీకాయంత పిండి మిగిలింది. దాన్ని చిన్న గాజు గ్లాసులో వేసి, ఎంత ఎత్తు ఉందో రబ్బరు బ్యాండుతో గుర్తు పెట్టాం. ఉండలు పొంగాయో లేదో వేలితో పొడిచి చూస్తే పూల ఆకారం చెడుతుంది. ఈ గోళీ రెట్టింపుకు కాస్త తక్కువ రాగానే ట్రే ఓవెన్‌లోకి వెళ్లింది.

పూలు మలచడంలో నాకు చాలా ఇష్టమైనది తంగేడు. ఉండను బిళ్లగా ఒత్తి, నడుమ రూపాయి బిళ్లంత వదిలి, చుట్టూ అయిదు గాట్లు పెట్టి, ప్రతి రేకు కొసను రెండు వేళ్లతో నొక్కి కొంచెం మెలిపెడితే అయిదు రేకుల పువ్వు నిలబడుతుంది. నడుమ నాలుగు నువ్వులు అద్దాం. బంతికి ఉండను గుండ్రంగానే ఉంచి, తడిపిన కత్తెర మొనతో కింది నుంచి పైకి వరుస వరుసగా చిన్న కొసలు కత్తిరించాలి. పొంగినప్పుడు అవి విడివడి ముద్దబంతిలా విచ్చుకుంటాయి. గునుగుకు ఉండను వేలెడు పొడవున కండెలా చుట్టి అదే తీరుగా కత్తిరించాం. పట్టుకుచ్చులకు పిండిని పట్టీగా ఒత్తి మడతలు పెట్టి చుట్టాం. ఆకులకు కత్తి వీపుతో ఈనెలు గీశాం. నీలం బన్నులను గుండ్రంగానే వదిలేశాం, రంగే చాలనిపించింది. కాల్చే ముందు పాలు పూయలేదు, పూస్తే కమిలిపోతాయి. ఓవెన్ నుంచి తీయగానే వెన్న రాశాం, మెరుపు దానితోనే వచ్చింది.

చివరి ట్రే మూడు గంటలకు బయటికి వచ్చింది. అయిదు గంటలకు పెద్ద తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ ఆకు బన్నులు, వాటి లోపల రంగుకు ఒక వరుసగా మిగతావి పెట్టి ఇచ్చాం. గోపురంగా పేర్చలేదు, పళ్లెం నిండా పరిచాం. బతుకమ్మలు నీళ్లలోకి వెళ్లి, గౌరమ్మ పసుపు ఒకరికొకరు పూసుకుని, సత్తుపిండి, పులిహోర, పెరుగన్నం, మలీద ముద్దలు పంచుకున్నాక తాంబాళం విప్పారు. సద్దుల పక్కన ఈ బన్నులు అదనమే, వాటి చోటు ఇవి తీసుకోలేదు. గోపురం వద్దన్న పెద్దావిడ పట్టుకుచ్చు బన్ను అందుకుని, రెండుగా విరిచి, ముందు లోపలి రంగు చూశారు. గులాబీ రంగు చెక్కు చెదరలేదు. నా కోసమే చూశారో, మామూలుగానే చూశారో తెలియదు గానీ వారం రోజుల పని ఆ ఒక్క విరుపులో కుదుటపడింది.

ఫలితాల్లో లోటు లేదని చెప్పను. ఆకుపచ్చ బన్నులు లోపల పచ్చగా ఉన్నా పైన ఆలివ్ రంగుకు దిగాయి. పట్టుకుచ్చు పైపొర గులాబీ కలిసిన ఇటుక రంగులోనే ఆగింది. 160 డిగ్రీల దగ్గర, ఫాయిల్ కింద అంతకంటే కాపాడలేకపోయాను. కూరగాయ గుజ్జు ఉన్న బన్నుల్లో తడి ఎక్కువ కాబట్టి మరునాటి రాత్రికల్లా తినేయాలని చీటీ రాసి ఇచ్చాను.

ఆ చీటీలో రాయాల్సిన మరో విషయం వదిలేశాను. మరునాడు ఉదయం ఒక తల్లి కంగారుగా ఫోన్ చేసింది. రాత్రి రెండు పట్టుకుచ్చు బన్నులు తిన్న నాలుగేళ్ల పాపకు మూత్రం గులాబీ రంగులో వచ్చిందట. బీట్‌రూట్ తిన్నాక కొందరికి అలా రావడం మామూలేనని, నీళ్లు తాగించి చూడమని, మర్నాటికీ తగ్గకపోయినా, నొప్పీ జ్వరం లాంటివి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమని చెప్పాను. మధ్యాహ్నానికే మామూలైందని ఆమె మళ్లీ చేసి చెప్పింది. అప్పటి నుంచి బీట్‌రూట్ ఉన్న ప్రతి ఆర్డరుతో ఆ సంగతి ముందే రాసి ఇస్తున్నాను.

పైపొర సమస్య మీద పండుగ తర్వాత మరో ప్రయోగం చేశాను. అదే బీట్‌రూట్ పిండిని, అదే ఆకారంలో, ఇడ్లీ పాత్రలో తడి గుడ్డ మీద 14 నిమిషాలు ఆవిరి పట్టాను. ఆవిరిలో పైపొర కమలదు కాబట్టి రంగు లోపలా బయటా ఒకేలా, రిహార్సల్ నాటి పచ్చి పిండి రంగులోనే నిలిచింది. ఆకుపచ్చ కూడా ఓవెన్ కంటే మెరుగ్గా వచ్చింది. రెండు రకాలూ పెద్దమ్మ దగ్గరికి పట్టుకుపోతే ఆవిరి బన్నును నొక్కి చూసి, "ఇది కుడుము బిడ్డా, బ్రెడ్ కాదు, రంగైతే మంచిగున్నది" అన్నారు. సంక్రాంతికి మనవరాలి భోగిపళ్ల పేరంటానికి పట్టుకుచ్చులు, ఆకులు ఆవిరి మీద, తంగేడు, బంతి ఓవెన్‌లో చేసి ఇమ్మని అక్కడే చెప్పారు.